టార్చి కొనే ముందు దాని తక్కువ వెలుగు చూడండి

ఈసారి ఉత్తరాల్లో బ్యాటరీ లైట్ల గొడవే ఎక్కువ. దాదాపు అన్నీ ఒడిశా సరిహద్దు నుంచే వచ్చాయి. మొదటి ఉత్తరంలో చాలామంది ప్రశ్న ఉంది కాబట్టి దానికి పొడుగ్గా రాస్తున్నాను, మిగతావాటికి అవసరమైనంతే.

ప్రశ్న: నేను వారపు సంతల్లో గాజులు, ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకుంటాను. సంత ముగించుకుని ఆటో దిగేసరికి బాగా చీకటి పడిపోతుంది. రోడ్డు మీంచి మా ఊరికి పొలం గట్ల మీదుగా నడవాలి. ఫోను లైటు వేస్తే ఛార్జింగు దిగిపోతోంది. సంతలోనే 250 రూపాయలకు ఒక జూమ్ టార్చి కొన్నాను, డబ్బా మీద 20,000 ల్యూమెన్లు అని ఉంది. కొత్తలో బాగానే వెలిగింది, ఇప్పుడు కాసేపటికే మసకబారుతోంది. వెలుగు తగ్గిద్దామని నొక్కితే టపటపా కొట్టుకుంటుంది. వెయ్యి లోపు, జేబులో పట్టేది, వెలుగు పెంచుకుని తగ్గించుకునేది ఏ కంపెనీది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, గుణుపురం దగ్గర పల్లె, రాయగడ జిల్లా

జవాబు: ముందు ఆ ఇరవై వేల సంగతి తేల్చేద్దాం. ల్యూమెన్ అంటే లైటులోంచి బయటికొచ్చే మొత్తం వెలుగు లెక్క. మీ ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంటే దాని డబ్బా చూడండి, 800 నుంచి 900 ల్యూమెన్లు అని ఉంటుంది. అలాంటివి ఇరవై రెండు ఒకేసారి వెలిగిస్తే ఇరవై వేలకు దగ్గరపడతారు, దానికి 200 వాట్లు కావాలి. బొటనవేలంత సెల్లు అంత కరెంటు ఇవ్వలేదు, ఒకవేళ ఇచ్చినా ఆ వేడికి టార్చి చేత్తో పట్టుకోలేరు. కాబట్టి ఆ అంకె ఉత్తిదే. ఆ ధరకు వచ్చే జూమ్ టార్చి ఒకటి రెండు వందల ల్యూమెన్లు ఇస్తే గొప్ప.

ఇంకో విషయం. రెండు రెట్లు ల్యూమెన్లు ఉంటే రెండు రెట్లు వెలుగు కనబడుతుందనుకుంటాం, కానీ కన్ను అలా లెక్కపెట్టదు. వెలుగు రెట్టింపైందని కంటికి అనిపించాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగు రెట్లు కావాలి. అందుకే 300 టార్చికి, 500 టార్చికి చీకట్లో పెద్ద తేడా తెలీదు. బ్యాటరీని మాత్రం ఆ తేడా బాగానే మింగేస్తుంది.

ఎంత మింగుతుందో లెక్క చెబుతాను. జేబు టార్చిలో ఒక వాటుకు సుమారు వంద ల్యూమెన్లు వస్తాయనుకోండి. గోడ గడియారంలో వేసే ఏఏ ఆల్కలైన్ సెల్లులో రెండు మూడు వాట్-గంటల సరుకు ఉంటుంది (ఒక వాటు లైటును గంటసేపు వెలిగించే సరుకు ఒక వాట్-గంట). అంటే 100 ల్యూమెన్ల మీద రెండు మూడు గంటలు నడుస్తుంది, 30 మీద పెడితే రాత్రంతా నడుస్తుంది. కాస్త లావుగా, ఛార్జింగు పెట్టుకునే 18650 లిథియం సెల్లులో పది పదకొండు వాట్-గంటలు ఉంటాయి, 100 మీద పది గంటల దాకా లాగుతుంది. అదే సెల్లుతో వెయ్యి ల్యూమెన్లు వెలిగిస్తే గంటకు మించి రాదు. మంచి టార్చి అయితే వేడెక్కగానే దానంతటదే వెలుగు తగ్గించేసుకుంటుంది కూడా. అందువల్ల డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె మీరు రోజుకు రెండు నిమిషాలు వాడేది, మిగతా టైమంతా వాడేది చిన్నక్షరాల్లో ఉంటుంది. అసలు ఉండకపోవచ్చు కూడా.

నా మటుకు నేను టార్చి చేతికిస్తే మొదట చూసేది అది ఎంత తక్కువకు దిగుతుందన్నదే. గట్టు మీద నడవడానికి 30 నుంచి 80 ల్యూమెన్లు చాలు. ఎక్కువైతే ఏమవుతుందంటే, కాళ్ల ముందు తెల్లటి గుండ్రం ఒకటి పడుతుంది, దాని అవతలంతా ఇంకా నల్లగా అయిపోతుంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, పెద్ద వెలుగు ఒక్కసారి వేస్తే ఆ అలవాటు పోతుంది. తక్కువ వెలుగులో నడిస్తే గట్టుకు అటూ ఇటూ ఉన్న మడి కూడా మసగ్గా కనిపిస్తూనే ఉంటుంది. పాము ఉందేమో అని అనుమానం వస్తే అప్పుడు ఒక్క నొక్కుతో 200, 300కు పెంచి చూసి మళ్లీ దించుకోవాలి. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే కాబట్టి ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. చెప్పులకు బదులు బూట్లయితే ఇంకా మంచిది, అది టార్చి ప్రశ్న కాదు గానీ చెప్పాలనిపించింది.

వెలుగు తగ్గించే పద్ధతులు రెండు మూడు రకాలు. చవక వాటిలో నొక్కిన కొద్దీ ఎక్కువ, మధ్య, తక్కువ, తర్వాత టపటపా కొట్టుకోవడం, ఆ తర్వాత ఎస్‌ఓఎస్ (ఆపదలో ఉన్నామని చెప్పే మెరుపులు), ఇలా వరసగా వస్తాయి. మీకు చిరాకు పుట్టించింది ఇదే. తక్కువ కావాలంటే ముందు కళ్లు జిగేల్‌మనాలి, తగ్గింపు దాటి ఒక్క నొక్కు ఎక్కువైతే డిస్కో మొదలవుతుంది. మూడు వెలుగులే ఉండి, తక్కువతో మొదలయ్యేది లేదా కిందటిసారి ఎక్కడ ఆపారో అక్కడే వెలిగేది చూసుకోండి. టపటపా కొట్టే మోడ్ ఉన్నా పర్లేదు, అది రెండుసార్లు గబగబా నొక్కితేనే రావాలి, దారిలో అడ్డం పడకూడదు. ఇంకో రకంలో బటన్ నొక్కి పట్టుకుంటే వెలుగు మెల్లగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, కావలసిన చోట వేలు తీసేయడమే. వెయ్యి లోపు అరుదుగా దొరుకుతుంది, దొరికితే మాత్రం వదలకండి.

తగ్గించినప్పుడు కొన్ని లైట్లు కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి, అదే వాటి తగ్గింపు. ఆ వేగం తక్కువైతే కళ్లు లాగుతాయి. పరీక్ష సులువు: తక్కువ వెలుగులో పెట్టి ఫోను కెమెరాతో చూడండి, తెర మీద నల్లటి చారలు పాకుతుంటే అది ఆ రకమే. కెమెరా లేకపోతే ఆ వెలుగులో చెయ్యి గబగబా ఊపండి, వేళ్లు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి.

జూమ్ మళ్లీ తీసుకోకండి. లెన్సు ముందుకు లాగితే వెలుగులో చాలా భాగం టార్చి లోపలే వృథా అవుతుంది, పైగా జరిగే మెడలోంచి వాన నీళ్లు దూరతాయి. గట్టు నడకకు దూరం కాంతి అక్కర్లేదు, వెడల్పు కాంతి కావాలి. డబ్బా మీద 200 మీటర్లు అని ఉంటే మురిసిపోవద్దు. ఎఫ్‌ఎల్1 అనే అమెరికన్ కొలమానం ప్రకారం ఆ దూరంలో పడే వెలుగు పావు లక్స్, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత. మనిషా చెట్టా పోల్చుకోవాలంటే చెప్పిన దూరంలో సగం కూడా లెక్కపెట్టకండి. అదే కొలమానంలో నడిచే గంటలు కూడా వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా లెక్కేస్తారు, ఎనిమిది గంటలు అంటే ఎనిమిది గంటలూ ఒకే వెలుగని కాదు.

నీళ్లను ఎంత ఆపుతుందో డబ్బా మీద ఐపీఎక్స్ అన్న గుర్తు చెబుతుంది: ఐపీఎక్స్4 ఉంటే అన్నివైపుల నుంచీ పడే చినుకులు ఆపుతుంది, ఐపీఎక్స్7 ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. మడిలో జారి పడే అవకాశం ఉంది కదా, రెండోది దొరికితే తీసుకోండి.

ఇక సెల్లు. దీని మీదే ఇళ్లలో తగువులు. ఛార్జింగు టార్చి రోజువారీ ఖర్చు లేకుండా పోతుంది, నిజమే. కానీ మీది తుపాన్ల దారి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు శ్రీకాకుళం, అటు గజపతి జిల్లాల్లో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు లోపలే సెల్లు బిగించేసిన ఛార్జింగు టార్చి ఒక్కసారి దిగిపోతే ఇక బల్ల మీద పెట్టుకోవడమే. ఏఏ సెల్లు అయితే చిన్న కిరాణా కొట్లో కూడా ఉంటుంది. కాబట్టి మీకు నా సలహా: ఒక్క ఏఏ సెల్లుతో నడిచే సన్నటి టార్చి, రీఛార్జబుల్ ఏఏ సెల్లులు రెండు, వాటి ఛార్జరు. అవి 1.2 వోల్టులవి, మంచివైతే 2000 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే కరెంటు లెక్క), ఆ పైన కూడా ఉంటాయి. అవసరమైతే మామూలు సెల్లు వేసుకోవచ్చు. చొక్కా జేబులో పెన్నులా నిలబడుతుంది, క్లిప్పు ఉంటే ఇంకా మేలు, మూటలు రెండు చేతులా ఉన్నప్పుడు జేబుకే తగిలించుకుని నడవచ్చు.

ఒక జాగ్రత్త. ఏఏ సైజులోనే 14500 అని లిథియం సెల్లు ఒకటి ఉంటుంది, చూడ్డానికి ఒకటే, వోల్టేజి మాత్రం 3.7. కొన్ని టార్చిలు రెండూ తీసుకుంటాయి, కొన్ని ఏఏ మాత్రమే. కాగితం మీద 14500 అని స్పష్టంగా లేకపోతే వేయకండి, బల్బు పోతుంది. ఆ లిథియం సెల్లును ఏఏ ఛార్జరులో పెట్టడం అంతకన్నా ప్రమాదం.

కంపెనీ పేరు అడిగారు. ఎవరెడీ లాంటి పాత పేర్లలో చిన్న ఎల్‌ఈడీ టార్చిలు ఉన్నాయి, నమ్మకంగా పనిచేస్తాయి, కాకపోతే వాటిలో చాలావాటికి వెలుగు తగ్గించే వీలు ఉండదు, అడిగి చూడండి. సోఫిర్న్, కాన్‌వాయ్ లాంటి చైనా బ్రాండ్లలో తక్కువ వెలుగు చక్కగా ఇస్తారు గానీ మన దాకా వచ్చేసరికి ధర మీ బడ్జెట్ దాటిపోవచ్చు. ఏదైనా సరే, డబ్బా వెనక తయారు చేసినవాడి లేదా దిగుమతి చేసినవాడి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉన్నాయో లేదో చూడండి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. అవేవీ లేకుండా ల్యూమెన్లు మాత్రమే ఉన్న డబ్బా సంతలోనే వదిలేసి రండి. మీ తోటి వ్యాపారే అమ్ముతున్నా సరే.

కొట్లో కొంటే బల్ల కింద చీకట్లో వెలిగించి చూపించమనండి. ఏ వెలుగుతో మొదలైంది, తక్కువలో పెట్టి అరచేతి మీద వేస్తే కళ్లకు హాయిగా ఉందా, వెనక మూత విప్పితే రబ్బరు రింగు ఉందా, మర మెత్తగా తిరుగుతోందా. ఆ నాలుగూ బాగుంటే డబ్బులిచ్చేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై దాటాయి. రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. ట్యూబులైటు వేస్తే పిల్లలు లేచిపోతారని చీకట్లోనే గోడ పట్టుకుని వెళ్తారు, మాకు టెన్షన్. తలగడ కింద పెట్టుకునే చిన్న టార్చి చెప్పండి. వేళ్లు సరిగా వంగవు.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఈ పనికి ఎక్కువ ల్యూమెన్లు అడగనే అడగకండమ్మా. చీకటి గదిలో చెప్పులు వెతుక్కోవడానికి ఒక ల్యూమెన్ చాలు, బాత్రూం దాకా నడవడానికి అయిదు పది. కొన్ని టార్చిలలో అతి తక్కువ వెలుగుకు మూన్‌లైట్ అని పేరు పెడతారు, అది ఉన్నది వెతకండి. ఆన్ చేయగానే అదే రావాలి, పెద్ద వెలుగు ముందు వచ్చేది నాన్నగారికి పనికిరాదు. నిద్రకళ్లకు అది కొట్టిందంటే కొన్ని క్షణాలు ఏమీ కనబడదు, తూలి పడేది అప్పుడే.

వేళ్ల సంగతి చెప్పారు కాబట్టి వెనక గట్టి బటన్ ఉన్నది వద్దు, పక్కన మెత్తటి పెద్ద బటన్ ఉన్నది తీసుకోండి. తోక బల్లపరుపుగా ఉంటే మంచం పక్కన నిలబెట్టి పైకప్పుకు వేయొచ్చు, గదంతా సమంగా వెలుగు పరుచుకుంటుంది. రంగు కూడా చూడండి, దాన్ని కెల్విన్లలో (కె) చెబుతారు: 6500 కె అని ఉంటే నీలం కలిసిన తెలుపు, 4000 కె దగ్గర అయితే పాత బల్బు వైపు మొగ్గిన తెలుపు. రాత్రిపూట రెండోదే కంటికి సుఖం. ఏఏఏ, అంటే రిమోట్‌లో వేసే సెల్లు ఒక్కటి వేసేవి కూడా ఉన్నాయి గానీ మరీ సన్నం, ఆయన చేతిలోంచి జారిపోతుంది. ఏఏ సైజే తీసుకోండి. మీకు పాతపట్నం పక్కనే కదా, అక్కడి కొట్లలో కూడా ఒకసారి చూసి రండి, నాన్నగారిని తీసుకెళ్లి ఆయన చేతే నొక్కించి చూస్తే మంచిది.

ప్రశ్న: మిల్లులో నైట్ షిఫ్టు నాది. నా టార్చిలో 18650 సెల్లు, దాని మీద 9900 ఎంఏహెచ్ అని ఉంది, అయినా గంటన్నర రావట్లేదు. ఇంకొకటి, టార్చికి టైప్ సి పోర్టు ఉంది గానీ నా కొత్త ఫోను ఛార్జరుతో ఎక్కట్లేదు, మా తమ్ముడి పాత ఛార్జరుతో ఎక్కుతోంది. టార్చి పాడైందా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: టార్చి బాగానే ఉంది. మీ కొత్త ఛార్జరు రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్‌ది అయి ఉంటుంది. అలాంటి ఛార్జరు అవతల వస్తువు పోర్టులో రెసిస్టర్లనే చిన్న విడిభాగాలు ఉంటేనే కరెంటు వదులుతుంది, చవక టార్చిలలో పైసలు మిగుల్చుకోవడానికి అవి పెట్టరు. ఒక వైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే ఎక్కుతుంది.

సెల్లు మాత్రం మోసం. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు ఉన్న ఆ డొల్లలో పేరున్న కంపెనీలు కూడా 3500 దగ్గరే ఆగుతున్నాయి, కష్టపడితే ఇంకాస్త. 9900 అని రాసినవాడు ఆ డొల్లలో ఏం పెట్టాడో తెలుసుకోవాలంటే బంగారం కొట్లో తూకం వేయించండి. అసలు సెల్లు మామూలుగా 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, 30 దగ్గర ఆగిపోతే లోపల సగం ఖాళీ. కొత్తది కొనేటప్పుడు సెల్లు మీద ఐఎస్ 16046 అన్న బీఐఎస్ (సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) ముద్ర, కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూడండి. పైన ప్లాస్టిక్ చిరిగిన సెల్లు ఏ ధరకూ వద్దు, పర్సులో తాళాలు చిల్లరతో కలిపి సెల్లు విడిగా అసలే పెట్టొద్దు, చివర్లు కలిసి మంటలు రేగుతాయి.

ప్రశ్న: చలికాలం పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే మంచులో టార్చి వేసినా ఎదురుగా తెల్లగోడే. పసుపు లైటు కొంటే పని చేస్తుందా?
— ఒక పాఠకుడు, సునాబెడ, కొరాపుట్ జిల్లా

జవాబు: రంగు మారిస్తే పెద్దగా ఒరిగేది లేదు. మంచు బిందువుల మీద పడిన వెలుగు తిరిగి మీ కళ్లలోకే వస్తోంది, అదీ గోడ. టార్చిని కంటి ఎత్తులో పట్టుకోకుండా నడుం కిందకు, ఇంకా వీలైతే మోకాలి దగ్గరకు దించి నేల మీదకు వేయండి, వెలుగు తగ్గించండి. పెంచితే గోడ ఇంకా తెల్లబడుతుంది. వెనక వచ్చే లారీవాడికి మీరు కనబడటం ముఖ్యం, దానికి టార్చి కన్నా మెరిసే పట్టీలున్న జాకెట్టు ఉపయోగం.

ప్రశ్న: మా జీడితోట కొండ వారనే. ఏనుగులు దిగుతున్నాయంటున్నారు. వాటిని తరమడానికి దూరం కొట్టే, కళ్లు చెదిరే టార్చి చెప్పండి. రెండు వేలైనా పెడతాను.
— ఒక రైతు, గజపతి జిల్లా

జవాబు: చెప్పనండి. రెండు వేలు మిగుల్చుకోండి. కళ్లలోకి వెలుగు పడ్డ ఏనుగు వెనక్కి పోతుందో ముందుకొస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, మీరు ఎక్కడున్నారో దానికి మీరే చూపించినట్టవుతుంది. దిగాయని కబురు తెలిస్తే తోటకు వెళ్లకండి, అటవీశాఖ వాళ్లకు చెప్పండి, తరమడం వాళ్ల పని. టార్చి మీరు ఇంటికి చేరే దారి చూసుకోవడానికి, అదీ కాళ్ల ముందుకు దించి.

ప్రశ్న: టార్చి నెలల తరబడి బీరువాలో ఉంటుంది. సెల్లులు తీసి పెట్టాలా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: తీసేయండి. మామూలు సెల్లులు, ఆల్కలైన్ సెల్లులు కూడా, పాతబడితే కారి లోపలి స్ప్రింగును తినేస్తాయి. ఆల్కలైన్ సెల్లు కారి ఇప్పటికే తెల్లగా పేరుకుని ఉంటే గుడ్డ పేలిక మీద కాస్త వెనిగర్ వేసి తుడిచి బాగా ఆరనివ్వండి, చేతికి తగలనివ్వకండి. ఛార్జింగు టార్చి అయితే పూర్తిగా నింపి గానీ పూర్తిగా ఖాళీగా గానీ పెట్టకండి, సగానికి కాస్త పైన ఉంచి, మూడు నాలుగు నెలలకోసారి చూసుకోండి. పక్కన బటన్ ఉన్న టార్చి అయితే వెనక మూత పావు వంతు వదులు చేయండి, బట్టల మధ్య నలిగి దానంతటదే వెలగకుండా ఉంటుంది.